ఇది మామూలు నేలేనా?

తెలుగు గోడపత్రికలో గోల్ఫ్ ఏమిటి అనుకోకండి. మన తిరువళ్ళూరు చెరువుల దగ్గరికే వస్తాను, కాస్త చుట్టు తిరిగి.

గోల్ఫ్ మైదానాల్లో 'లింక్స్' అని ఒక రకం. స్కాట్లండ్ తీరంలో సముద్రానికీ సాగునేలకీ మధ్య ఉండే ఇసుక దిబ్బల నేలని అలా అంటారు. సేద్యానికి పనికిరాదు, గొర్రెలు మేపుకోవచ్చు. మన జిల్లాలో పళవేర్కాడు, అదే పులికాట్ దగ్గర, సముద్రానికీ సరస్సుకీ నడుమ ఉన్న ఇసుక నేల కొంచెం అలాంటిదే. ఆట అక్కడ పెరిగింది. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సుని మొదట ఎవరూ కాగితం మీద గీసి కట్టలేదు. దిబ్బలు గాలి పోసినవి. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్నచోట గడ్డి పోయి గుంటలు పడ్డాయనీ, బంకర్లంటే మొదట అవేననీ చెప్తారు. తర్వాత మనుషులు కొన్నిటిని సరిచేశారు, కొన్ని కొత్తగా తవ్వారు. ఇప్పుడు ఏది గొర్రెది, ఏది మనిషిది అంటే చెప్పడం కష్టం.

అమెరికాలో ఇదే కథ తిరగబడింది. విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సు ఒడ్డున విస్లింగ్ స్ట్రెయిట్స్ అనే మైదానాన్ని 1998లో తెరిచారు. అదివరకు చదును నేల. పీట్ డై అనే ఆయన లారీలకు లారీలు ఇసుక తోలించి, దిబ్బలు పోయించి, వెయ్యి దాకా బంకర్లు పెట్టించాడు. చూస్తే గాలే చేసినట్టుంటుంది. 2010లో అక్కడ పీజీఏ ఛాంపియన్‌షిప్. చివరి రోజు, చివరి హోల్, డస్టిన్ జాన్సన్ ఒక్క దెబ్బ ముందున్నాడు. బంతి పక్కకి పోయి, జనం తొక్కేసిన ఇసుకలో పడింది. మామూలు నేలే అనుకుని కర్రని ఇసుకకి ఆనించాడు. బంకర్‌లో కొట్టే ముందు అలా ఆనించకూడదు. రెండు దెబ్బలు జరిమానా, కప్పు పోయింది. ఇక్కడి ఇసుక గుంటలన్నీ బంకర్లేనని ముందే నోటీసు పెట్టారు. నోటీసులు ఎంతమంది చదువుతారో మనకి తెలీదా!

ఇది చదివితే నాకు తిరుత్తణి పక్క మా ఊరి చెరువు గుర్తొచ్చింది. కొండలతో పాటే పుట్టినట్టుంటుంది గానీ, చెరువంటే కట్ట. వాలు చూసి, పల్లం వైపు మాత్రమే వంపుగా కట్ట వేస్తారు. పొలాలకి తూము, నిండితే పొర్లడానికి మొరవ. మెరక వైపు ఏమీ కట్టరు, నీళ్ళు వచ్చేది అటునుంచే. సగం పని నేలదే. పూండి కూడా అంతే. 1944లో మదరాసు తాగునీటి కోసం కొసస్థలై నదికి అడ్డంగా కట్టిన సత్యమూర్తి సాగరం అది. కండలేరు నుంచి కాలువలో వచ్చే కృష్ణ నీళ్ళూ అందులోకే చేరతాయి. కొంగల్ని చూడ్డానికి పోయినవాళ్ళు అదేదో దేవుడిచ్చిన సరస్సే అనుకుంటారు.

చిక్కంతా మెరక వైపే. అక్కడ గట్టు లేదు కాబట్టి చెరువు ఎక్కడ మొదలయ్యేదీ కనపడదు. వాన తప్పిన ఏళ్ళలో తుమ్మచెట్లు మొలిచి, పిల్లలు క్రికెట్ ఆడుకునే బీడు అయిపోతుంది. జాన్సన్ లాగే మనమూ మామూలు నేలే అనుకుంటాం. రాళ్ళు పాతి ప్లాట్లు వేస్తారు. 2015 వానలకి చెన్నైలో, మన జిల్లాలో ఇళ్ళల్లోకి వచ్చిన నీళ్ళు చాలాచోట్ల కొత్త దారి పట్టి వచ్చినవి కావు, పాత చోటికే వచ్చినవి.

గుర్తు పట్టడానికి మా అవ్వ దగ్గర ఒక లెక్క ఉండేది. మొరవ దగ్గర కూర్చుని, దాని అంచుకి సరిగ్గా కన్ను పెట్టి, ఎత్తూ పల్లం లేకుండా ఎదరకి చూడాలి. ఆ చూపు నేలకి ఎక్కడ తగిలితే అక్కడిదాకా చెరువే. మొన్న సెలవుల్లో నేనూ అలా చూశాను. నా చూపు నేలదాకా పోనేలేదు, ఒక కొత్త ఇంటి కిటికీకి తగిలింది.