అమ్మమ్మ బకెట్‌కి ఎన్ని యూనిట్లు?

మా అమ్మమ్మగారిది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. మండువా లోగిలి. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది, మధ్యలో ఆకాశం. వానొస్తే నీళ్లన్నీ మండువాలోకే. ఫొటోలకి చాలా బాగుంటుంది. స్నానానికి వేణ్ణీళ్లు కావాలంటేనే తంటా.

ఇన్నాళ్లూ రాగి బాయిలరే. మధ్యలో గొట్టం, అందులో నిప్పు, చుట్టూ నీళ్లు. వంటకం కొబ్బరి డొక్కలు. (డొక్కలు అన్న మాట నాకు ఇంటర్‌లో గానీ తెలీలేదు, ఇంగ్లీష్ మీడియం మరి.) పోయిన చలికాలం పొగకి అమ్మమ్మ దగ్గు ఎక్కువైంది. దాంతో మావయ్య, వెనక వసారా పెంకులు తీయించి స్లాబ్ వేయిస్తా, పైన సోలార్ హీటర్ పెడదాం అన్నారు. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకుని 40 బస్తాల సిమెంటు అన్నాడు. ఇంట్లో కంప్యూటర్ చదివేవాణ్ణి నేనే కాబట్టి, ఏ హీటర్ కొనాలో చూడమని నాకు చెప్పారు. కంప్యూటర్ సైన్స్‌కీ గీజర్‌కీ సంబంధం ఏంటని అడగలేదు నేను.

నెట్‌లో వెతికితే అన్నీ గది వెచ్చబెట్టుకునే గొడవలే. చలి దేశాల వాళ్ల బాధ అది. మనకి జనవరి తెల్లారుజామున కూడా పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు ఉంటుంది. మనకి కావాల్సింది నీళ్ల వేడి ఒక్కటే. అందుకని ముందు లెక్క వేశాను. లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 కిలోజౌళ్లు కావాలి. 20 లీటర్ల బకెట్‌ని 25 నుంచి 45 డిగ్రీలకి తేవాలంటే దాదాపు 1,670 కిలోజౌళ్లు. యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు. అంటే బకెట్‌కి అర యూనిట్ కూడా పట్టదు! ఈ అంకె చూశాక నాకు స్లాబ్ మీద అనుమానం మొదలైంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. మావయ్య, అత్తయ్య కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వేణ్ణీళ్లు పోసుకుంటారు, తర్వాత చన్నీళ్లే. ఎండాకాలం తప్పిస్తే రోజూ కావాల్సింది అమ్మమ్మ ఒక్కదానికే. నెలకి 14 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా 84 రూపాయలు. సోలార్‌కి నేను అడిగిన షాపులో 100 లీటర్లది 20 వేలు చెప్పారు, స్లాబ్ ఖర్చు వేరే. అది ఎప్పటికి తిరిగొస్తుంది?

పర్యావరణం మాటేంటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బొగ్గు ఎక్కువ కాబట్టి. 14 యూనిట్లకి 10 కిలోలు. సిమెంటు బస్తాకి తక్కువలో తక్కువ 30 కిలోలు వేసుకుందాం. 40 బస్తాలంటే 1,200 కిలోలు. అంటే ఆ స్లాబ్ పోసిన రోజే, అమ్మమ్మ 120 నెలల స్నానాలకి వచ్చే పొగంతా ఒకేసారి వదిలేసినట్టు. ఇనుము ఇందులో కలపలేదు. దానికి తోడు పెంకులు తీసేస్తే ఆ వసారా వేసవిలో మండిపోతుంది.

సోలార్‌ని నేల మీద పెట్టలేమా? పెట్టొచ్చు. వేడి నీళ్లు తేలికై పైకెళ్తాయి కాబట్టి నీళ్ల ట్యాంకు గొట్టాలకంటే ఎత్తులో ఉంటే చాలు, మోటారు కూడా అక్కర్లేదు. కానీ దొడ్డి నిండా కొబ్బరి చెట్లు. నీడ సంగతి అలా ఉంచండి, గాజు గొట్టాల మీద ఒక్క కాయ పడిందంటే అంతే. మండువాలో పెడదామంటే అక్కడ ఎండ ఉండేది మధ్యాహ్నం కాసేపే. పైగా అది తులసి కోట స్థలం, ఆ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. పాత వాసాల మీద నూరు కిలోల నీళ్లు మోపడం అసలు కుదరదు. హీట్ పంప్ అని ఇంకోటుంది, ఫ్రిజ్‌ని తిరగేసినట్టు పనిచేస్తుంది, కరెంటు మూడో వంతే తాగుతుంది. నాకు భలే నచ్చింది. కానీ 14 యూనిట్లు ఆదా చేయడానికి అంత డబ్బు పోయడం దండగ.

గ్యాస్ గీజర్ వద్దే వద్దన్నాను. మా స్నానాలగదికి ఉన్నది చిన్న కిటికీ, చలికాలం అదీ మూసేస్తారు. లోపల గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, వాసన రాదు, మనిషి పడిపోయేదాకా తెలీదు. బకెట్లో వేసే రాడ్డు చవకే, కానీ నీళ్లు కాగాయో లేదో చెయ్యి పెట్టి చూడటం అమ్మమ్మ అలవాటు. అదీ కొట్టేశాను.

చివరికి తేలింది 15 లీటర్ల మామూలు స్టోరేజీ గీజర్, 2 కిలోవాట్లది. 60 డిగ్రీల నీళ్లు 15 లీటర్లుంటే చన్నీళ్లు కలిపి 26 లీటర్ల వేణ్ణీళ్లు చేసుకోవచ్చు. కాకపోతే అది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, ఆ ఇంట్లో ఉన్నవి తాతగారి కాలం నాటి 5 ఆంప్స్ ప్లగ్గులు. మీటరు నుంచి విడిగా లైను, సరైన ఎర్తింగు, షాక్ కొడితే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాం. ఇది మాత్రం ఎవరూ తగ్గించుకోవద్దు.

బాయిలర్‌ని పారేయలేదు. వసారాలోంచి దొడ్లోకి మార్చాం. పొగకి అసలు కారణం డొక్కలు తడిగా ఉండటం, అడుగున బూడిద పేరుకుని గాలి ఆడకపోవడం. ఎండిన డొక్కలూ చిప్పలూ వేసి, బూడిద లాగేస్తే పొగ బాగా తగ్గింది. డొక్కలు ఎలాగూ దొడ్లో కుప్పగా పడి ఉండేవే. చుట్టాలొచ్చినప్పుడు, పండగలకి అదే.

స్లాబ్ విషయం మావయ్య వేసవి దాకా ఆపారు. పెంకులు సర్దే మనిషి దొరికితే కారే చోట బాగుచేయిద్దాం, దొరక్కపోతే చూద్దాం అన్నారు. ఆ మనిషి కోసం ఇప్పుడు నేనూ వెతుకుతున్నాను. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే చెప్పండి.