చేపలతో 350 కిలోమీటర్లు

సౌదీ అపార్ట్‌మెంట్లలో ఉండే మన కుటుంబాలకు, పిల్లలు అడిగే పెంపుడు ప్రాణుల్లో చివరికి కుదిరేవి చేపలే. కుక్కపిల్ల అంటే ఇంటి ఓనరు ఒప్పుకోడు. పిల్లి అంటే సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు ఎవరికి అప్పగించాలన్న బెంగ. గాజు తొట్టి అయితే హాల్లో ఓ మూల సర్దుకుంటుంది. రియాద్, జెద్దా, దమ్మామ్‌లో ఉన్నవాళ్లకు చేపల దుకాణం అరగంట దూరమే. మాలాగా బురైదాలోనో, ఇంకా పైన హాయిల్‌లోనో ఉన్నవాళ్లు మంచి రకాలు కావాలంటే రియాద్ వెళ్లి తెచ్చుకుంటారు. రియాద్ నుంచి బురైదాకు సుమారు 350 కిలోమీటర్లు. పెట్రోలుకు, నమాజు వేళకు, పిల్లల బాత్రూముకు ఆగుతూ వస్తే నాలుగు గంటలు దాటుతుంది.

మాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే ఆరు గోల్డ్ ఫిష్‌లు తెచ్చుకుంది. దారంతా అవి చక్కగా ఈదుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక కవరు విప్పి, తొట్టి నీళ్లు గ్లాసుతో కొద్దికొద్దిగా పోస్తూ గంటసేపు అలవాటు చేశారు. ఆ గంటలోనే నాలుగు పోయాయి. ఏడేళ్ల పాప రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "అంత దూరం బతికొచ్చి ఇంట్లో ఎందుకు చచ్చిపోయాయి ఆంటీ?" అని నన్నే అడిగింది. వాళ్ల నాన్న కారు కుదుపుల మీద, రోడ్డు మీద నెపం వేశాడు. కుదుపులది తప్పు కాదు.

మూసిన కవరులో చేప ఊపిరి వదిలినకొద్దీ నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. సోడా నీళ్లలా ఆ నీరు కాస్త ఆమ్లంగా మారుతుంది, అంటే పి.హెచ్. తగ్గుతుంది. అదే సమయంలో చేప మొప్పల నుంచి అమ్మోనియా కూడా వస్తూనే ఉంటుంది. ఆమ్లపు నీటిలో ఆ అమ్మోనియాలో చాలా భాగం అమ్మోనియం అనే రూపంలో ఉంటుంది. అది చేపకు అంతగా హాని చేయదు. పి.హెచ్. 7 దగ్గర విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కన్నా తక్కువే. పి.హెచ్. 8 దగ్గర అది అయిదు వంతుల దాకా వెళ్తుంది, దాదాపు పదింతలు. కవరు మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పి.హెచ్. పెరుగుతుంది, దారి పొడవునా పోగైన అమ్మోనియా విషంగా మారుతుంది. ఆ నీళ్లలోనే చేపను గంటసేపు ఉంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొద్దికొద్దిగా నీళ్లు పోసే పద్ధతి పక్కవీధి దుకాణం నుంచి పావుగంటలో తెచ్చేవాళ్లకు బాగుంటుంది. గంటల ప్రయాణానికి సరిపడదు.

అందుకని అసలు పని దుకాణంలోనే మొదలుపెట్టాలి. వెళ్లేముందు రోజు ఫోను చేసి, మనం కొనబోయే చేపలకు ఆ రోజు మేత వేయవద్దని చెప్పండి. కడుపు ఖాళీగా ఉంటే కవరులో వ్యర్థం తక్కువ. మన కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల రైతులకు ఇది కొత్త విషయం కాదు. చేపపిల్లలను ఎత్తే ముందు మేత ఆపి ఉంచి, ఆ తర్వాతే ఆక్సిజన్ కవర్లలో కడతారు. దుకాణంవాడు ఉత్త గాలి నింపి రబ్బరు బ్యాండు వేయబోతే ఆపండి. గాలిలో ఆక్సిజన్ నూటికి 21 వంతులే. సిలిండర్ ఆక్సిజన్ అడిగి పట్టించుకోండి. కవరులో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. చేప బతకాలని నీళ్లు ఎక్కువ పోయించుకునేవాళ్లను చూశాను, అక్కడ ఆక్సిజన్‌కు చోటు తగ్గిపోతుంది. కవరు మీద కవరు తొడిగించండి. అడుగు మూలలు మడిచి కట్టిస్తే చిన్న చేపలు మూలల్లో ఇరుక్కోవు. ముళ్లున్న క్యాట్‌ఫిష్ రకాలకు రెండు కవర్ల మధ్య న్యూస్‌పేపరు పెట్టించండి. గోల్డ్ ఫిష్ మురికి ఎక్కువ చేస్తుంది కాబట్టి కవరుకు ఒకటే.

ఫైటర్ చేపల సంగతి వేరు. అవి నీటి పైకొచ్చి నేరుగా గాలి పీల్చగలవు, పైన ఖాళీ ఉంటే మామూలు గాలి చాలు. హైదరాబాద్‌లో మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి వచ్చేవాళ్ల చేతుల్లో చిన్న కవర్లు గుర్తున్నాయా? ఆ కాసిని నీళ్లలో కొర్రమీను పిల్లలు అంతసేపు ఓర్చుకునేది అందుకే. కొర్రమీను కూడా గాలి పీల్చే చేపే. దాన్ని చూసి గప్పీలూ టెట్రాలూ అలాగే బతుకుతాయనుకోకండి.

ఇక కారు. ఇక్కడి ఎండే పెద్ద శత్రువు. లీటరు నీటిలో 25 డిగ్రీల దగ్గర 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర 7కు పడిపోతుంది. వేడి పెరిగితే చేపకు ఆక్సిజన్ అవసరం మాత్రం ఎక్కువవుతుంది. డిక్కీలో ఏసీ రాదు, అక్కడ పెట్టవద్దు. మూత ఉన్న థర్మాకోల్ పెట్టెలో కవర్లను పక్కకు పడుకోబెట్టి, సందుల్లో పాత తువ్వాళ్లు కుక్కి, వెనక సీటు కింద నేల మీద పెట్టండి. పడుకోబెడితే నీటికీ ఆక్సిజన్‌కూ తగిలే వైశాల్యం పెరుగుతుంది. పెట్టెలో చీకటిగా ఉంటే చేపలు నెమ్మదిస్తాయి. ఎండాకాలమైతే ఒక ఐస్ ప్యాక్‌ను మందపాటి గుడ్డలో చుట్టి పెట్టె గోడ పక్కన ఉంచొచ్చు, కవరుకు తగలనివ్వకండి. వీలైతే ఇషా నమాజు అయ్యాక బయల్దేరడం మేలు. చలికాలం రాత్రుల్లో ఖసీం ప్రాంతం గడ్డకట్టే చలికి దగ్గరగా వెళ్తుంది, అప్పుడు అదే పెట్టె వెచ్చదనాన్ని కాపాడుతుంది.

కుదుపులకు భయపడనక్కర్లేదన్నాను కదా. బెంగాల్‌లో చేపపిల్లలను అల్యూమినియం హుండీల్లో తీసుకెళ్లేవాళ్లు దారంతా చేత్తో నీళ్లు చిలుకుతూ కూర్చుంటారు, నీళ్లు కదిలితేనే గాలి కలుస్తుంది కాబట్టి. మన రోడ్డు ఆ పని ఊరికే చేసిపెడుతుంది. మజ్మా దగ్గర టీకి ఆగినా ఇంజను ఆపవద్దు, ఒకరు కారులోనే ఉండాలి. 2018 జూన్‌లో ఆడవాళ్లకు స్టీరింగ్ చేతికొచ్చాక మా ఇంట్లో ఈ విషయంలో ఏర్పాటు మారింది. నేను నడుపుతాను, మావారు వెనక కూర్చుని పెట్టె కాపలా కాస్తారు. ఆయన మాటిమాటికీ మూత తీసి చూడటమే నా కష్టం. చేప పైకి తేలి నోరు తెరుస్తున్నా సరే, దారిలో ముడి విప్పి గాలి ఆడించకూడదు.

ఇంట్లో తొట్టి ముందే సిద్ధంగా ఉండాలి. కుళాయి నీళ్లకు క్లోరిన్ తీసే మందు కలిపి, ఫిల్టరు కొన్ని వారాలుగా నడిచి ఉండాలి. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఒక్క రాత్రిలో పుట్టుకురాదు. కొత్త తొట్టీ కొత్త చేపలూ ఒకే రోజు కొనడం నాకు నచ్చని పని, దుకాణంవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. దుకాణం నీటి పి.హెచ్. ఎంతో అడిగి రాసుకుని, ఇంటి నీళ్లను పరీక్ష పట్టీతో సరిచూసుకోండి. తేడా బాగా ఉంటే తొట్టి నీటిని ముందుగానే దగ్గరికి తెచ్చుకోవాలి, చేప వచ్చాక కాదు.

చేరగానే తొట్టి లైటు ఆర్పి, మూసి ఉన్న కవర్లను పదిహేను ఇరవై నిమిషాలు నీటిపై తేలనివ్వండి. వేడి సమానం కావడానికి అది చాలు. తర్వాత ఒక్కొక్క కవరు విప్పడం, చేపను చిన్న వలతో పట్టి వెంటనే తొట్టిలో వదలడం, కవరు నీళ్లు సింకులో పారబోయడం. రెండు నిమిషాల పని. ఒకదాని పని పూర్తయ్యాకే రెండో కవరు ముట్టుకోండి. ఆ రాత్రికి మేత వద్దు. పిల్లలు అప్పుడే తినిపిస్తామని గొడవ చేస్తారు కాబట్టి మేత డబ్బా ముందుగానే పై అరలో పెట్టేయండి. పొద్దున్న లైటు వేశాక వాళ్ల చేతికిచ్చి, చిటికెడు మాత్రం వేయమనండి.