గోడ ఆగింది, గండం ఆగలేదు

బత్తీర్‌లో వారానికి ఎనిమిది రోజులు. ఊట నీటికి వంతుదార్లు ఎనిమిది వంశాలవాళ్లు, వంశానికో రోజు. మన చెరువుల కింద నీరటికాడు చూసే వంతుల లెక్కను ఇక్కడ ఈ వారమే చూస్తుంది. బెత్లెహేముకు పడమట ఉన్న ఈ పాలస్తీనా ఊళ్లో, రోమన్ల కాలపు కోనేటి నుంచి కాలవలు రాతికట్టు మడుల్లోకి దిగుతాయి. ఇక్కడి వంకాయకు చుట్టుపక్కల మంచి పేరు.

1949లో ఇజ్రాయెల్, జోర్డాన్‌ల మధ్య గీసిన కాల్పుల విరమణ రేఖ ఈ పొలాల మీదుగానే పోయింది. లోయలో జెరూసలేం రైలుదారి ఇజ్రాయెల్‌కు కావాలి. అంతకుముందు ఏడాది యుద్ధానికి జడిసి ఊరు దాదాపు ఖాళీ అయితే, ఊరివాడే అయిన హసన్ ముస్తఫా కొద్దిమందితో అక్కడే ఉండి, ఇళ్లలో దీపాలు పెట్టించి, దండేల మీద బట్టలు ఆరేయించి జనం ఉన్నట్టు నమ్మించాడు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: రైలు జోలికి ఊరు పోదు, రేఖ అవతలి పొలాలు ఊరివాళ్లే దున్నుకుంటారు.

దశాబ్దాల పాటు ఆ మాట నిలిచాక కూడా, రైలు భద్రత పేరుతో ఇజ్రాయెల్ సైన్యం ఇక్కడ విభజన గోడ తలపెట్టింది. కడితే రైతు ఒకవైపు, మడి ఒకవైపు.

ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు, జోర్డానీయులు కలిసి నడిపే ఎకోపీస్ సంస్థ 2001లో ‘గుడ్ వాటర్ నేబర్స్’ మొదలుపెట్టింది. నీరు పంచుకునే ఇరుగుపొరుగు ఊళ్లను కలపడం దాని పని. బత్తీర్ అందులో చేరింది. శాంతి చర్చకు రమ్మంటే ముఖం చాటేసేవాళ్లు కూడా మురుగు ఊటలో కలుస్తోందంటే వస్తారు. అలా వచ్చినందుకు పాలస్తీనా వైపు, ఇజ్రాయెల్ ఆక్రమణను మామూలు విషయం చేస్తున్నారన్న నింద పడాల్సిందే. అది ఉత్త నింద అని కొట్టిపారేయలేను. పొలానికి పోవడానికి పాలస్తీనీయుడికి అనుమతి కావాలి, ఇజ్రాయెలీకి అక్కర్లేదు.

అయినా 2012లో గోడకు వ్యతిరేకంగా ఎకోపీస్ ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. విచిత్రంగా, ఇజ్రాయెల్ ప్రభుత్వానికే చెందిన ప్రకృతి, ఉద్యానవనాల సంస్థ ఊరి పక్షాన నిలిచింది. 2014లో యునెస్కో ఈ మడులను ప్రపంచ వారసత్వ జాబితాలో, దాంతోపాటే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. 2015 జనవరిలో గోడ ప్రతిపాదన పక్కకు పోయింది. రద్దు మాత్రం కాలేదు.

2024 ఆగస్టులో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఇదే వారసత్వ ప్రాంతంలో నహల్ హెలెట్జ్ అనే కొత్త సెటిల్‌మెంటుకు అనుమతి ఇచ్చింది. ఇజ్రాయెల్‌కే చెందిన పీస్ నౌ సంస్థ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. కానీ బత్తీర్ రైతులు, వాళ్ల యూదు పొరుగువారు కలిసి పోరాడింది గోడ కేసులో. సెటిల్‌మెంటు దాని కిందికి రాదు.