ఉద్దానంలో చుక్క ఎక్కడ పెట్టాలి?

ఉద్దానం అంటే ఉద్యానవనమే. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు కొబ్బరి, జీడి తోటల నీడన ఉంటాయి. ఆ నీడలోనే రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. షుగరూ బీపీ లేనివాళ్లకూ వస్తుంది. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో కూలిపని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు.

డబ్బు రాలేదనలేం. హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కానీ మన లెక్కలకు మండలమే కొలబద్ద. మండలం మొత్తానికి ఒక అంకె వేస్తే, మంచాన పడ్డవాళ్లున్న వీధీ, ఏ బాధా లేని వీధీ అందులో కలిసిపోతాయి. ఏ వీధి ఏదో ఊళ్లో ముసలమ్మని అడిగితే చెబుతుంది. అది కాగితం మీదికి రావాలి.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చావుల్ని ఇళ్లవారీగా మ్యాపు మీద గుర్తుపెట్టాడు. వాటిలో చాలావరకు బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టూ గుమిగూడి కనిపించాయి. ఉద్దానంలో పని అంత తేలిక కాదు. కలరా రోజుల్లో బయటపడుతుంది; కిడ్నీ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పాడవుతుంది. ఇవాళ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగినట్టు తేలిన మనిషి ఇరవై ఏళ్ల కిందట ఏ బావి నీళ్లు తాగాడు? ఆ బావి ఇప్పుడుందా, పూడ్చేశారా? మధ్యలో వలస పోయి ఎక్కడ పనిచేశాడు? ఇవి తెలియకుండా ఇప్పటి ఇంటి మీద చుక్క పెడితే అది జబ్బు పుట్టిన చోటు కాదు, బయటపడ్డ చోటు మాత్రమే.

డయాలసిస్ సంగతి వేరు. దానికి ఇప్పటి ఇల్లే కావాలి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తోడు వెళ్లినవాళ్ల కూలీ ఆ రోజుకి పోయినట్టే. కొత్త యంత్రం ఎక్కడ పెట్టాలన్నది మండల కేంద్రాన్ని చూసి తేల్చకూడదు. బస్సు తిరిగే దారుల్నీ రోగుల ఇళ్లనీ ఒకే మ్యాపులో వేసి చూస్తే, పక్క మండలం డయాలసిస్ పడకే దగ్గరయ్యే ఊళ్లు బయటపడతాయి.

ఇంకో చిక్కుంది. ఉద్దానం పిల్ల అంటేనే సంబంధాలు వెనక్కి పోతున్న రోజులివి. ఇంటి గుమ్మం మీద చుక్క పడి, ఆ మ్యాపు పదిమంది ఫోన్లలో తిరిగితే ఆ ఇంటి పెళ్లి ఆగుతుంది. అందుకే ఇంటివారీ మ్యాపు వైద్యుల దగ్గరే ఉండాలి. పంచాయతీ గోడ మీద వేసేదాంట్లో బావులు, బోర్లు, వాటి నీటి పరీక్ష ఫలితాలు, డయాలసిస్ పడకలు ఉంటే చాలు. ఏ బోరు నీళ్లు తాగొచ్చో ఊరికి తెలియాలి. ఎవరి కిడ్నీ పాడైందో ఊరందరికీ ఎందుకు?