బొబ్బిలి కథలో ఇద్దరాడుపడుచులు
గుమ్మెట మొదలు వీడియో ఆట వరకు

కథ యన్న చెవి కోసికొనని వారు మన యిండ్లలో అరుదు. పసివానికి గోరుముద్దలతోబాటు కథ కావలెను. ముదుసలికి పురాణకాలక్షేపము కావలెను. పనిపాటలు తీరిన యిల్లాలికి నవలయో, సినిమాయో కావలెను. నేటి పిల్లలకు వీనికి తోడు వీడియో ఆటలు వచ్చినవి. పిల్లవాడు తెర యెదుట కూర్చుండి బొత్తాములు నొక్కుచుండగా, కాలమంతయు పాడుచేయుచున్నాడని తల్లి విసుగుకొనుట ప్రతి యింటను వినబడు మాటయే. ఆ విసుగులో న్యాయము లేకపోలేదు. కాని యా తెరలో నేమి జరుగుచున్నదో ఒక్కమారు తొంగిచూచిన తల్లికి, అక్కడ నున్నది వట్టి గెంతులాట మాత్రమే కాదనియు, పెక్కుసారులు చక్కని కథయు నున్నదనియు తెలియును. సినిమా కథ లన్నను, ఈ యాటలలోని కథ లన్నను నాకు మిక్కిలి ప్రీతి. ఆ ప్రీతికి కారణమును శ్రీకాకుళము, విజయనగరము సీమలలో నందరు నెఱిగిన యొక్క కథను పట్టుకొని చెప్పెదను. అది బొబ్బిలి కథ.

చరిత్ర చెప్పినది

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలికోట ముట్టడి జరిగినది. ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజును ఒక వైపు. బొబ్బిలి ప్రభువు రంగారావు ఒక వైపు. ఇరుగుపొరుగు సంస్థానములకు చిరకాలవైరము. ఫిరంగుల దెబ్బకు కోటగోడలు విచ్చినను లోపలి వీరులు లొంగలేదు. గెలుపు లేదని తేలిన పిమ్మట, తమవారు శత్రువుల చేత చిక్కరాదని, స్త్రీలను బిడ్డలను తామే చంపి, పిదప పోరి మడిసిరి. ఆంగ్ల చరిత్రకారుడగు రాబర్టు ఆర్ము ఈ వృత్తాంతమును తన గ్రంథమున వ్రాసెను. రంగారావు కుమారుడగు పసివానిని మాత్ర మొక వృద్ధుడు కాపాడి ఫ్రెంచి యధికారి కప్పగించెనని కూడ నాతడు చెప్పినాడు. కొలది రాత్రులకే బొబ్బిలివారు విజయరామరాజును ఆయన గుడారముననే పొడిచి చంపిరి.

చరిత్ర యింతతో నాగినది. చచ్చిన స్త్రీ లెవరు, చచ్చుటకు ముందు వారేమి తలచిరి, ఎవరికొఱ కెదురుచూచిరి అను ప్రశ్నలు చరిత్రకారునికి పట్టలేదు. అవి కథకునికి పట్టినవి.

జనులు చెప్పినది

జనుల నోట నీ కథ కొక యాడుపడుచు దొరికినది. ఆమె రాణి మల్లమ్మదేవి. ఆమె యన్నయే తాండ్ర పాపారాయుడు. యుద్ధము జరిగిన నాడాతడు రాజాములో నుండెననియు, చెల్లెలి వార్త యంది వచ్చునప్పటికి కోట బూడిదయై యుండెననియు, ఆ రాత్రి గుడారము జొచ్చి విజయరామరాజును చంపి పగ తీర్చుకొన్నవా డాతడే యనియు కథ. రాజాము 2022 వరకు శ్రీకాకుళము జిల్లాలోనిది. బొబ్బిలియు 1979లో విజయనగరము జిల్లా యేర్పడువరకు శ్రీకాకుళము జిల్లాలోనిదే. కావున నీ కథ రెండు జిల్లాల యుమ్మడి సొత్తు.

విజయనగరమువారికిని ఒక యాడుపడుచు గలదు. ఆమె పైడిమాంబ, విజయరామరాజు తోబుట్టువు. అన్నకు కీడు మూడనున్నదని గ్రహించి, యుద్ధము వలదని యామె వారింపజూచెననియు, అన్న మరణవార్త విని యామెయు తనువు చాలించెననియు, పిదప పెద్దచెఱువున విగ్రహరూపమున వెలసెననియు భక్తుల విశ్వాసము. ఆమెయే నేటి పైడితల్లి యమ్మవారు.

సోదరీమణులారా, ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. ఒక చెల్లెలు అన్న వేళకు రాలేదని కుమిలినది. ఒక చెల్లెలు అన్న తన మాట వినలేదని కుమిలినది. శత్రువుల కోటలు రెండు, దుఃఖ మొక్కటే. యుద్ధము చేసినవారు పురుషులు. యుద్ధమును జ్ఞప్తియందుంచుకొన్నది ఈ యిద్దరి దుఃఖము.

ఊ కొట్టు కథ

బొబ్బిలి కథను దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రమను కావ్యముగా వ్రాసెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1916లో నాటకము రచించిరి. కాని చదువురాని యింటికి దీనిని చేర్చినవారు జంగము కథకులును, బుఱ్ఱకథ దళములును. షేక్ నాజరుగారు చెప్పిన బొబ్బిలి కథ ఆంధ్రదేశమంతట పేరుగాంచినది. నడుమ తంబురా పట్టిన కథకుడు నిలుచును; ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతపాటవారు నిలుతురు. ఒకడు హాస్యమాడును, ఒకడు లోకము పోకడను విమర్శించును. కథకుడు శోకమున మునిగినప్పుడు వారు ప్రశ్న వేసి కథను ముందునకు నడుపుదురు. ఉత్తరాంధ్రమునకు ప్రత్యేకమైన జముకుల కథలోను ఇట్టి వంతపాటయే ప్రాణము. విజయనగర వాసియగు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) కాళ్ళకు గజ్జె కట్టి, ఒక్కరే యెల్ల పాత్రలునై హరికథ నడపినప్పుడును సభవారు భజనలో గొంతు కలుపవలసినదే.

ఇంటిలో కథ చెప్పునప్పుడును అంతియే. బామ్మ కథ చెప్పుచుండగా మనుమడు ఊ కొట్టవలెను. ఊ ఆగెనా, బామ్మ కథ యాపును. మన భాషలో ఊ కొట్టుట యను మాటకున్న సొగసును తలచుకొనుడు. కథ ఒక్కరి సొత్తు కాదు. చెప్పువారిది సగము, వినువారిది సగము. ఈ ఊ మాటను పాఠకురాండ్రు మనస్సున నుంచుకొనవలెను. దీని పనిబడును.

మాట లేని కథ

పైడితల్లి కథను విజయనగరమువారు ఏటేట మాటలు లేకయే చెప్పుదురు. విజయదశమి వెళ్ళిన మంగళవారమున సిరిమానోత్సవము జరుగును. మిక్కిలి పొడవైన చింతమాను కొనయందు పూజారి కూర్చుండును; ఆయనయే యానాడు అమ్మవారి రూపము. ఆ మాను గుడికిని కోటకును నడుమ ముమ్మారు తిరుగును. రాజవంశీయులు కోటబురుజుపై నుండి దర్శింతురు. ఊరేగింపున జాలరివల యొకటి సాగును. చెఱువులోనుండి విగ్రహమును వెలికిదెచ్చిన జాలరుల జ్ఞాపకార్థ మది. చిన్నపిల్ల తల్లి కొంగు పట్టుకొని, ఈ వల యేలనమ్మా యని యడిగిన చాలును, కథ యంతయు మొదటినుండి రావలెను. అన్న మాట వినలేదు. కాని నేటికిని చెల్లెలు కోట ముంగిటికి వచ్చుచునే యున్నది. ఇంతకు మించిన కథాకౌశలము మఱియొకటి కలదా?

వెండితెర

1964లో బొబ్బిలి యుద్ధము సినిమాగా వచ్చినది. సి. సీతారాంగారు దర్శకులు. రంగారాయుడుగా ఎన్.టి. రామారావుగారును, పాపారాయుడుగా ఎస్.వి. రంగారావుగారును, మల్లమ్మదేవిగా భానుమతిగారును నటించిరి. సంగీతము కూర్చిన సాలూరు రాజేశ్వరరావుగారు బొబ్బిలికి చేరువనున్న సాలూరు దగ్గర శివరామపురమున జన్మించినవారు. పాడినవారిలో సుశీలగారు విజయనగరపు బిడ్డ. ఘంటసాలగారు విజయనగరపు సంగీత కళాశాలలో చదివినవారు. అనగా ఈ సీమ కథకు ఈ సీమ చెవియే స్వరము కట్టినది.

సినిమా చేసిన మేలేమి? అది ముఖమును చూపినది. బుఱ్ఱకథలో మల్లమ్మను మనము కథకుని గొంతులో నూహించుకొనవలెను. ఒక్కొక్కరి మల్లమ్మ ఒక్కొక్క తీరున నుండును. సినిమాలో ఆమె కన్ను, పెదవి, మౌనము తెరనిండ కనబడును. చరిత్రలో పేరైన లేని స్త్రీకి రూపమును వాక్కును వచ్చినవి. రంగస్థలమున వెనుక వరుసవారికి కానరాని కన్నీటిచుక్క సినిమాలో నేలక్లాసువారికిని కనబడును. ఇది సామాన్యమైన లాభము కాదు.

అయితే యొక నష్టమును గలదు. సినిమాకు మన ఊ తో పనిలేదు. మనము నిదురించినను అది సాగును. మనము వలదన్నను కోట కూలును. వినువారి సగము చెప్పువారికే పోయినది.

బొత్తాము నొక్కు ఊ

వీడియో ఆటలపై నా కున్న ప్రీతి యంతయు నిక్కడనే యున్నది. ఆ సగమును అవి మరల మన చేతి కిచ్చినవి. బొత్తాము నొక్కనిదే కథ సాగదు. పిల్లవాడు బొత్తాము నొక్కుట యనగా ఊ కొట్టుటయే. కాని యీ ఊ బామ్మ నాటి ఊ కంటె బరువైనది. ఏలయన, ఏ దారిని పోవలెను, ఎవరిని కాపాడవలెను అను నిర్ణయమును పెక్కు ఆటలలో ఆడువారే చేయవలెను.

రెండుదాహరణములు చెప్పెదను. పుణె నగరమందలి నాడింగ్ హెడ్స్ గేమ్స్ అను సంస్థవారు 2020లో రాజీ యను ఆటను వెలువరించిరి. రాజీ యొక అనాథ బాలిక, సర్కసులో విన్యాసములు చేయునది. ఆమె తమ్ముడు గోలును రాక్షసు లెత్తుకొని పోదురు. వానిని వెదకుచు నామె బయలుదేరును. దుర్గయు విష్ణువును ఆమె పాటులను చూచుచు, తమలో తాము కథ చెప్పుకొందురు. నడుమనడుమ కథాభాగము తోలుబొమ్మలాట రీతిని తెరపై నాడును. చూచితిరా, కథానాయిక యొక అక్క; కథను నడుపువారు వంతపాటవారివంటి దేవతలు; బొమ్మలు మన తోలుబొమ్మల చుట్టములు. వేళకు రాని యన్నకొఱ కెదురుచూచిన మల్లమ్మకు మాఱుగా, తమ్మునికొఱకు తానే కదలిన అక్క యిక్కడ గలదు.

రెండవది పోలండు దేశమున 2014లో వెలువడిన దిస్ వార్ ఆఫ్ మైన్ అను ఆట. దాని యర్థము నా యీ యుద్ధమని చెప్పుకొనవచ్చును. 1992 మొదలు 1996 వరకు సారయెవో నగరము అనుభవించిన ముట్టడి దీనికి ప్రేరణము. యుద్ధపు టాట యనగానే తుపాకి పట్టిన సైనికుడు జ్ఞప్తికి వచ్చును. ఇందు మనము సైనికులము కాము. ముట్టడిలో చిక్కి, పాడుపడిన యింట తలదాచుకొన్న సామాన్యులము. పగలు పొయ్యి వెలిగించుట, ఉన్నదానిని పంచి వండుట, జబ్బుపడినవానికి మందు వెదకుట. రాత్రి బయటికి పోయి దొరికినది తెచ్చుకొనుట. ఇరుగుపొరుగు ముసలివారి యాహారమును దొంగిలించిన కడుపు నిండును. కాని యట్లు చేసినవారు తరువాత దుఃఖమున కుంగిపోవుదురు. ఇది గృహిణి కంటితో జూచిన యుద్ధము. 2020లో పోలండు ప్రభుత్వము దీనిని విద్యార్థుల పఠనీయముల జాబితాలో చేర్చునట్లు ప్రకటించినది. వయస్సు వచ్చినవారికే తగిన యాట యిది, పసివారి కీయదగదు.

ఈ యాటను గుఱించి తలచునప్పుడెల్ల నాకు బొబ్బిలికోట లోపలి గదులు గుర్తుకు వచ్చును. ఫిరంగుల మ్రోతకు పిల్లలను గుండెల కదుముకొన్న తల్లులు, కొలుచు నిండుకొన్న గాదెలు, వాకిలివైపు చెవి యొగ్గిన చెల్లెలు. ఆ పగటి కథను యుద్ధము చేసినవారు చెప్పలేదు.

కథ మార్చవచ్చునా?

ఇక నొక చిక్కు. బొబ్బిలి కథయే యొక యాటగా వచ్చినదనుకొనుడు. రాజామునకు వార్త గొనిపోవు దూతవు నీవే. గుఱ్ఱమును వేగముగ నడిపితివేని వార్త వేళ కందును, పాపారాయుడు వచ్చును, కోట నిలుచును. అప్పుడు బొబ్బిలి కథ బొబ్బిలి కథయగునా? పెద్దలు కొందఱు కథకు ద్రోహ మందురు. నే నట్లనుకొనను. నూఱుసారులు ఆడి, నూఱుసారులు వార్త నందించిన బాలికకే, ఆనాడు వార్త అందలేదన్న మాట ఎంత బరువైనదో బాగుగా తెలియును. తప్పించుకొన వీలున్నదని చేతితో తెలిసికొన్నవారికి తప్పించుకొనలేనివారి దుఃఖము మఱింత లోతుగా నాటును. అంతేకాదు, ఆటలో వైపు మార్చవచ్చును. ఒకమారు మల్లమ్మవై కోటలో నుండి, మఱునాడు పైడిమాంబవై అన్న కాళ్ళకు అడ్డుపడి చూడవచ్చును. శత్రువుల యింటను ఒక చెల్లెలు ఏడ్చుచున్నదని తెలిసికొన్న బాలుడు, ఎదిగిన పిమ్మట యుద్ధమన్న మాటను ఒక్క క్షణమాగి పలుకును.

ఇల్లాలి వంతు

వీడియో ఆటలన్నియు నిట్టి కథలు కావు. చంపుటయే పనిగా గలవియు, సొమ్ము గుంజుటకే పుట్టినవియు కలవు. సినిమాలును అట్టివే గదా, నవలలును అట్టివే గదా. కావున తల్లులు ఆటకు వేసిన వయస్సు గుర్తును చూడవలెను. భోజనపు వేళకును నిదుర వేళకును కట్టుబాటు పెట్టవలెను. ఇవి యందఱు నెఱిగినవే. నేను కోరునది మఱియొకటి. తెర యార్పుమని గద్దించుటకు ముందు ఒక్క పావుగంట పిల్లవాని ప్రక్క కూర్చుండి మూడు ప్రశ్న లడుగుడు. ఈ కథ యెవరిది? ఇందు నిర్ణయించున దెవరు? ఆ నిర్ణయమునకు వెల చెల్లించున దెవరు? చెప్పుటకు వాడుత్సాహపడును, నడుమనడుమ మీరు ఊ కొట్టుడు.

పిదప మీ వంతు వచ్చును. ఆ రాత్రి దీపము తగ్గించి బొబ్బిలి కథ చెప్పుడు. ఫిరంగులతో మొదలు పెట్టవలదు. రాజాము దారివైపు చూచుచున్న చెల్లెలితో మొదలుపెట్టుడు; విజయనగరపు కోట గుమ్మమున అన్నకు అడ్డుగా నిలిచిన చెల్లెలితో ముగింపుడు. ఇద్దఱిలో నీవెవరవై యుందువని మీ యమ్మాయిని అడుగుడు. ఆమె చెప్పు సమాధానమును తుదివఱకు వినుడు.