ఐరోపా జీతం: కాగితం మీద ఎంత, చేతికి ఎంత?

ఐరోపా దేశాల జీతాలను పోల్చే పట్టికలు సాధారణంగా స్థూల వేతనంతో, అంటే పన్నులూ బీమా చందాలూ మినహాయించక ముందు ఉద్యోగ ఒప్పందంలో రాసుకునే మొత్తంతో మొదలవుతాయి. మినహాయింపులు పోగా బ్యాంకు ఖాతాలో జమయ్యే నికర వేతనాన్ని పక్కనే చూపి, ఆ రెంటి మధ్య తేడాయే ప్రభుత్వం తీసుకున్న వాటా అనిపిస్తాయి. యజమాని తన వంతుగా కట్టే సామాజిక బీమా చందా ఈ లెక్కలో కనిపించదు. స్వీడన్‌లో ఆ చందా స్థూల వేతనంపై అదనంగా 31.42 శాతం, చాలా ఖర్చులను నేరుగా ఆదాయపు పన్నుతోనే భరించే డెన్మార్క్‌లో చట్టప్రకారం యజమాని కట్టవలసింది నామమాత్రం.

యజమాని వాటా, ఉద్యోగి వాటా అనే విభజన ఎంతవరకు కాగితపు గీతో లిథువేనియా 2019 జనవరి 1న చూపించింది. అంతవరకు యజమాని కడుతూ వచ్చిన చందాల్లో అధిక భాగాన్ని ఉద్యోగి ఖాతాకు మార్చి, దానికి సరిపోయేలా స్థూల వేతనాలను 1.289 రెట్లు చేయాలని చట్టం నిర్దేశించింది. 1,000 యూరోల జీతం ఒక్క రాత్రిలో 1,289 యూరోలైంది. అయినా సంస్థకు అయ్యే ఖర్చు దాదాపు మారలేదు, ఉద్యోగి చేతికొచ్చే మొత్తం మాత్రం స్వల్పంగా పెరిగింది. అంతకు ఏడాది ముందే రుమేనియా కూడా ఇదే దారి పట్టింది. ఈ సంగతి తెలియకుండా లిథువేనియా 2018, 2019 స్థూల వేతనాలను పక్కపక్కన పెట్టి చూసేవారికి అక్కడ లేని సంపద కనిపిస్తుంది.

జర్మనీలో చందాను ఇరుపక్షాలూ పంచుకుంటాయి. 2024 రేట్ల ప్రకారం నెలకు 4,000 యూరోల స్థూల వేతనం పొందే, పిల్లలు లేని ఉద్యోగి నుంచి పింఛనుకు 372, ఆరోగ్య బీమాకు సుమారు 326, నిరుద్యోగ బీమాకు 52, వృద్ధాప్యంలోనో అనారోగ్యంలోనో అవసరమయ్యే దీర్ఘకాలిక సంరక్షణ బీమాకు 92 యూరోలు, ఆదాయపు పన్ను జోలికి వెళ్లకముందే, కోతపడతాయి. ఆ తరువాత పన్ను తరగతి ప్రవేశిస్తుంది: దంపతుల్లో ఒకరే సంపాదిస్తుంటే, అదే స్థూల వేతనం మీద, ఒంటరి సహోద్యోగి కన్నా నెలనెలా ఎక్కువ మొత్తం ఇంటికి తీసుకువెళ్లవచ్చు. కాబట్టి జర్మనీ నికర వేతనం ఎంత అన్న ప్రశ్నకు కుటుంబ వివరాలు చెప్పనిదే జవాబు లేదు.

స్విట్జర్లాండ్ విషయంలో పొరపాటు మరింత సులభం. అక్కడి పౌరులకు ఆదాయపు పన్ను సాధారణంగా జీతంలో కోత పడదు, వారే విడిగా చెల్లించుకోవాలి. 1996 నుంచి అందరికీ తప్పనిసరైన ఆరోగ్య బీమా ప్రీమియం కూడా సొంత జేబులోంచే పోతుంది. జర్మన్ నికర వేతనంలో ఈ రెండూ ముందే పోయి ఉంటాయి గనుక, రెండు జీతపు చీటీల చివరి అంకెలను పోల్చడం అన్యాయం. ఆస్ట్రియాలోనైతే ఏడాదికి 14 జీతాలు ఇవ్వడం ఆనవాయితీ, చివరి రెంటిపై పన్ను మామూలు రేటు కన్నా చాలా తక్కువ. నెల జీతాన్ని 12తో హెచ్చవేసి చూసేవారికి ఆ దేశం ఉన్నదానికన్నా పేదగా కనబడుతుంది.

అందువల్లనే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ యజమాని భరించే మొత్తం వ్యయాన్ని ప్రాతిపదికగా తీసుకుని, అందులో పన్నులకూ చందాలకూ పోయే శాతాన్ని లెక్కిస్తుంది. సగటు వేతనం పొందే ఒంటరి ఉద్యోగికి 2023లో ఇది బెల్జియంలో 52.7 శాతం, స్విట్జర్లాండ్‌లో 24 శాతం లోపు. స్విస్ ఆరోగ్య ప్రీమియం ఈ శాతంలో చేరదు గనుక ఇదీ సంపూర్ణమైన కొలమానం కాదు. అయినా స్థూల వేతనాల పట్టిక కన్నా ఎంతో నమ్మదగినది.

హైదరాబాద్ నుంచి వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఈ తేడాను ప్రత్యేకంగా గమనించాలి. ఇక్కడి సీటీసీలో, అంటే ఉద్యోగిపై సంస్థకయ్యే మొత్తం ఖర్చు లెక్కలో, యజమాని కట్టే పీఎఫ్ (భవిష్యనిధి) వాటా కలిసి ఉంటుంది, అక్కడి స్థూల వేతనంలో యజమాని వాటా ఉండదు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి బేరమాడడం సరికాదు. భారతదేశానికి బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి. భారతీయ సంస్థ తాత్కాలికంగా పంపిన ఉద్యోగి ఇక్కడి భవిష్యనిధి సంస్థ ఇచ్చే ధ్రువపత్రం చూపితే జర్మనీలో పింఛను చందా కట్టనక్కరలేదు, అదే కార్యాలయంలో జర్మన్ సంస్థ ఒప్పందంపై నేరుగా చేరిన మరో తెలుగు ఉద్యోగి మాత్రం ఆ చందాను, అంటే స్థూల వేతనంలో 9.3 శాతాన్ని, ప్రతి నెలా చెల్లిస్తాడు.