పల్నాటి కొండలకు ఏ కాలమైనా సీజనే!

◆ మంచు మీద స్కీయింగ్‌కు పేరుమోసిన కశ్మీరు ఊరు గుల్మార్గ్. ఆ పేరుకు అర్థం మాత్రం ‘పూల మైదానం’! మంచు కరిగాక పూసే పూలతోనే ఊరికి ఆ పేరు. పల్నాటి కొండలు కూడా అంతే, కాలానికో అందం చూపిస్తాయి.

◆ నరసరావుపేట దగ్గరి కోటప్పకొండను ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు. అందుకే అది త్రికూటాద్రి, స్వామి త్రికూటేశ్వరుడు. కాకి వాలని కొండగా కూడా దీనికి పేరు.

◆ శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కట్టే ప్రభలు 80, 90 అడుగులు కూడా ఉంటాయి. ఒరిగిపోకుండా రెండువైపులా మోకులు పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ నడిపిస్తారు. చీకటిపడితే ఒక్కో ప్రభా ఒక్కో దీపాల గోపురమే.

◆ ఎండాకాలం రెంటచింతల పేరు వార్తల్లో వినని ఏడాది ఉండదు. రాష్ట్రంలో ఎండలు మండిపోయే ఊళ్లలో అదొకటి. ఆ రోజుల్లో పల్నాడు తిరగాలంటే తెల్లవారుజామునే బయల్దేరాలి.

◆ నాగార్జునకొండ ఒకప్పుడు లోయ పక్కన నిలిచిన కొండ. సాగర్ నీళ్లు నిండాక దీవి అయింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను కొండమీది మ్యూజియంలో భద్రపరిచారు. కొన్ని కట్టడాలను అనుపులో మళ్లీ నిలబెట్టారు. వాటిలో రాతిమెట్ల రంగస్థలమూ ఉంది.

◆ వానలు పడ్డాక మాచర్ల వైపు వెళ్తే ఎత్తిపోతల చూడాలి. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకి, ముందుకుసాగి కృష్ణలో కలుస్తుంది. కింద మడుగులో మొసళ్లుంటాయి. పైనుంచే చూడండి, దిగొద్దు.

◆ చలి మొదలయ్యే కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. కులం అడక్కుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడును ఇప్పటికీ వడ్డిస్తారు.

◆ కోటప్పకొండ మెట్లదారిలో గొల్లభామ గుడి ఉంది. స్వామి తనవెంట దిగివస్తుంటే వెనక్కి తిరిగి చూసిన ఆనందవల్లి ఆమె. శివరాత్రి రద్దీలో అక్కడ నిమిషం నిలబడటం కష్టం. ఈసారి ఏ మామూలు రోజునో వెళ్లి, ఆమె దగ్గర కాసేపు కూర్చుని రండి.